వరంగల్ నుంచి తిరుపతికి విమానంలో నిజంగా ఎంతసేపు పడుతుంది?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "మాది హనుమకొండ. అమ్మకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. తిరుపతి తీసుకుపోవాలి. ఒక యాప్‌లో వరంగల్ ఎయిర్‌పోర్ట్ నుంచి తిరుపతి ఎయిర్‌పోర్ట్‌కు 476 కిలోమీటర్లు, 35 నిమిషాలు అని చూపిస్తోంది. ఇంకో దాంట్లో అదే దూరానికి గంటా ఆరు నిమిషాలు అని ఉంది. తీరా హైదరాబాద్ నుంచి తిరుపతి టికెట్ చూస్తే గంటా ఇరవై నిమిషాలు. హైదరాబాద్ నుంచి దూరం ఇంకా తక్కువే కదా, మరి టైమ్ ఎందుకు ఎక్కువ? మామునూరులోని ఆ వరంగల్ ఎయిర్‌పోర్ట్ మొదలైతే ఎంతసేపట్లో పోవచ్చు? అప్పటిదాకా ఏం చేస్తే మంచిది?"

దూరం విషయంలో యాప్ చెప్పింది కరెక్టే. 35 నిమిషాలు మాత్రం మర్చిపోండి. మామునూరు నుంచి రేణిగుంటకు, అంటే తిరుపతి ఎయిర్‌పోర్ట్ ఉన్న చోటికి, జెట్ విమానం వేస్తే టికెట్ మీద గంటా ఐదు నుంచి గంటా పదిహేను నిమిషాల దాకా ఉంటుంది. రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే ఏటీఆర్ వేస్తే గంటా ఇరవై, గంటా ముప్పై మధ్య ఉంటుంది. నేను చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేశాను. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఆయిల్ పోయాలి, ఎన్ని నిమిషాలు పడుతుంది అని లెక్క కట్టి పైలట్ చేతికి కాగితం ఇచ్చే పని. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ముందు దూరం. దీనికి యాప్ కూడా అక్కర్లేదు, కాగితం మీద తేల్చుకోవచ్చు. మామునూరు రన్‌వే 17.91 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, రేణిగుంట 13.63 డిగ్రీల మీద. రేఖాంశాలు చూస్తే ఒకటి 79.60, ఇంకొకటి 79.54. అంటే దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. మామునూరులో నిలబడి ముక్కుసూటిగా దక్షిణం వైపు చూస్తే ఎదురుగా రేణిగుంటే. ఇలా నిలువుగా ఉన్న రెండు ఊళ్ల మధ్య లెక్క చాలా తేలిక. అక్షాంశంలో ఒక డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. తేడా 4.28 డిగ్రీలు కాబట్టి 257 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. గుణిస్తే 476 కిలోమీటర్లు. మీ యాప్ చూపించింది ఇదే.

శంషాబాద్ నుంచి రేణిగుంటకు ఇదే పద్ధతిలో లెక్కేస్తే సుమారు 418 కిలోమీటర్లు. అక్కడ దారి కొంచెం తూర్పుకు వాలుతుంది కనుక రేఖాంశం తేడా కూడా కలపాలి, లెక్క కాస్త పెద్దదవుతుంది, అంతే. అంటే మీరు చెప్పింది నిజమే, హైదరాబాద్ నుంచి తిరుపతి మనకంటే 60 కిలోమీటర్లు దగ్గర. ఇవన్నీ ఆకాశంలో సూటి దూరాలు. రోడ్డు మీద ఖమ్మం, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు తిరిగి పోతే 600 పైచిలుకు కిలోమీటర్లు అవుతుంది. రైలుకు కూడా గూడూరు దాకా దిగి మళ్లీ పడమటికి మళ్లాలి, అదీ 600కు అటూ ఇటూ.

ఇప్పుడు మీ రెండు యాప్‌ల తగువు. నిజానికి రెండూ ఒకే లెక్క వేశాయి. ఇలాంటి యాప్‌లు విమానం సగటున గంటకు 805 కిలోమీటర్లు, అంటే 500 మైళ్లు పోతుందని అనుకుంటాయి. 476ను దానితో భాగిస్తే 35 నిమిషాల చిల్లర వస్తుంది. మొదటి యాప్ అక్కడే ఆగిపోయింది. రెండోది లేవడానికి, దిగడానికి అని ఒక అరగంట కలిపి గంటా ఆరు చేసింది. రెండోదే నయం, కానీ అది కూడా ఏ విమానమో చూడదు, ఏ ఊళ్లో దిగుతుందో చూడదు.

ఆ అరగంట ఉట్టి అంచనా కాదు. మనకు తెలిసిన రూట్లతోనే సరిచూసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి విశాఖ సుమారు 510 కిలోమీటర్లు, జెట్ టికెట్ మీద గంటా పది, పదిహేను నిమిషాలు ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,265 కిలోమీటర్లు, టైమ్ రెండుంబావు గంటలకు అటూ ఇటూ. దూరం రెండున్నర రెట్లు పెరిగింది, టైమ్ రెట్టింపు కూడా కాలేదు. ఎందుకంటే దూరంతో సంబంధం లేని ఒక ఖర్చు ప్రతి విమానానికీ ఉంటుంది. హనుమకొండ బస్టాండ్‌లో బస్సు ఎక్కితే జనగామ పోయినా బెంగళూరు పోయినా ఊరు దాటేదాకా పట్టే టైమ్ ఒకటే కదా, అలాగే. ఢిల్లీ పోయేవాడికి ఆ అరగంట కనిపించదు. తిరుపతి పోయేవాడికి సగం ప్రయాణం అదే.

ఆ టైమ్ ఎక్కడెక్కడ పోతుందో చూడండి. టికెట్ మీద బయలుదేరే టైమ్ అని రాసేది విమానం గాల్లోకి లేచే టైమ్ కాదు. నిలబెట్టిన విమానం కదలకుండా చక్రాలకు అడ్డంగా దిమ్మెలు పెడతారు, మేం చాక్స్ అంటాం. అవి తీసి విమానం కదిలిన నిమిషం నుంచి లెక్క మొదలవుతుంది. అవతలి ఎయిర్‌పోర్ట్‌లో మళ్లీ చాక్స్ పెట్టాక ముగుస్తుంది. ఈ మొత్తాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద ఉండేది ఇదే. ట్రాక్టర్ విమానాన్ని వెనక్కి నెట్టడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే చివరిదాకా మెల్లగా పోవడం, ముందున్న విమానం లేచేదాకా ఆగడం, ఇవన్నీ అందులో భాగమే. శంషాబాద్ లాంటి పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో పొద్దుటి పూట దీనికే పదిహేను నిమిషాలు పోవచ్చు. మామునూరులో అంత రద్దీ ఎలాగూ ఉండదు కాబట్టి ఏడెనిమిది నిమిషాల్లో లేచిపోతుంది. అరవై కిలోమీటర్ల దూరం తేడా ఇక్కడే సగానికి పైగా కొట్టుకుపోతుంది.

లేచిన తర్వాత కూడా విమానం వెంటనే 800 వేగం అందుకోదు. పది వేల అడుగుల లోపు 250 నాట్లు దాటకూడదని రూలు. గంటకు 463 కిలోమీటర్లన్నమాట. ఆ పైన వేగం పుంజుకుంటూ 28, 30 వేల అడుగులు ఎక్కేసరికి పదిహేడు నిమిషాల దాకా పడుతుంది, ఆలోపు వంద నాటికల్ మైళ్లు గడిచిపోతాయి. దిగడానికి పైలట్లు నోటి లెక్క ఒకటి వాడతారు: వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు కావాలి. 30 వేల అడుగుల నుంచి దిగాలంటే 90 మైళ్ల ముందే దిగుడు మొదలుపెట్టాలి, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలపండి. మన మొత్తం దూరం 257. ఎక్కడానికి వంద, దిగడానికి వంద పోతే మిగిలింది 57 మైళ్లు. అంటే యాప్ మొత్తం ప్రయాణానికి వేసుకున్న ఆ పూర్తి వేగంతో విమానం పోయేది ఏడెనిమిది నిమిషాలే. సీటు బెల్టు లైటు ఆర్పి, బండి తోసుకుంటూ వచ్చి, నీళ్ల బాటిల్ చేతిలో పెట్టేసరికి "కుర్చీలు నిటారుగా పెట్టుకోండి" అని ప్రకటన వస్తుంది. ఇలాంటి చిన్న రూట్లో క్యాబిన్ సిబ్బంది పడే హడావుడి చూస్తే పాపం అనిపిస్తుంది.

రేణిగుంట దగ్గర ఇంకొక ముడి ఉంది. అక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. మనం వచ్చేది నేరుగా ఉత్తరం నుంచి. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చూసి, తూర్పు కొస నుంచో పడమటి కొస నుంచో దిగమంటారు. ఎటైనా విమానం పక్కకు జరిగి, రన్‌వేకు ఎదురుగా వరసలోకి రావాలి. పడమర, వాయవ్యం వైపు శేషాచలం కొండలు ఉన్నాయి కాబట్టి ఎంత ఎత్తు దాకా దిగొచ్చో కూడా చూసుకోవాలి. దీనికి ఇంకో ఐదారు నిమిషాలు వేసుకోండి. కిటికీలో కొండలు ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనిపిస్తే టెన్షన్ పడాల్సిన పనిలేదు, దారి తప్పలేదు.

మొత్తం కలిపితే జెట్‌కు గాల్లో 45 నుంచి 50 నిమిషాలు, నేల మీద రెండు వైపులా కలిపి 12, 15 నిమిషాలు. దాని మీద విమాన సంస్థ తన జాగ్రత్త కోసం ఇంకో ఐదు నిమిషాలు కలుపుకుంటుంది. ఈ కలుపుకోవడం తప్పేం కాదు. చెప్పిన టైమ్‌కు పదిహేను నిమిషాల లోపు చేరితే ఆ ఫ్లైట్‌ను ఆన్ టైమ్ అనే లెక్కిస్తారు. అందుకే కెప్టెన్ మైకులో "మన ప్రయాణ సమయం 45 నిమిషాలు" అంటాడు, మీ టికెట్ మీద మాత్రం గంటా పది ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆయన చెప్పేది గాల్లో ఉండే టైమ్, టికెట్ చెప్పేది చాక్స్ నుంచి చాక్స్ దాకా.

మీరు చూసిన హైదరాబాద్ టికెట్‌లో గంటా ఇరవై ఉందంటే అది చాలావరకు ఏటీఆర్ అయి ఉంటుంది. బుక్ చేసేటప్పుడు విమానం పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. ఏటీఆర్ 72 గంటకు 500 కిలోమీటర్ల వేగంతో, జెట్ ఎక్కేంత ఎత్తుకు పోకుండా 16, 18 వేల అడుగుల మీద పోతుంది. దానికి పెద్ద ఎత్తు ఎక్కే పని లేదు కాబట్టి చిన్న దూరాల్లో జెట్‌కు మరీ అంత వెనకబడదు. మామునూరు లెక్క వేస్తే గాల్లో గంటా ఐదు, నేల మీద పది పదిహేను, సంస్థ జాగ్రత్త కోసం ఇంకో ఐదు, కలిపి గంటా ఇరవై పైన. జెట్ కంటే పావుగంట ఆలస్యం. ఆయిల్ మాత్రం బాగా తక్కువ తాగుతుంది, డెబ్బై ఎనభై సీట్ల లోపే కాబట్టి నిండడం కూడా తేలిక. చిన్న ఊళ్ల మధ్య ఇదే ఎక్కువగా తిరగడానికి కారణం అదే. చప్పుడు, అదురు కొంచెం ఎక్కువ. రెక్కల పక్కన కాకుండా వెనక వైపు సీట్లు తీసుకుంటే చప్పుడు తగ్గుతుంది. ఏటీఆర్‌కు వెనక తలుపు నుంచే ఎక్కిస్తారు కనుక అమ్మకు నడక కూడా తగ్గుతుంది.

మామునూరుకు ఏది వస్తుందన్నది రన్‌వేను బట్టి ఉంటుంది. పాత రన్‌వే సుమారు 1,800 మీటర్లు, ఏటీఆర్‌కు చాలు. దాన్ని 2,800 మీటర్లకు పెంచి ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 దిగేలా చేయాలన్నది ఇప్పుడున్న ప్లాన్. భూమి కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది, 2025లో కేంద్రం నుంచి అనుమతి వచ్చింది. నా అంచనా అడిగితే, రన్‌వే ఎంత పొడుగు వేసినా తిరుపతికి మొదట వచ్చేది ఏటీఆరే. జెట్లు ఢిల్లీకో ముంబైకో వేస్తారు, నూట ఎనభై సీట్లు రోజూ తిరుపతికి నింపడం కష్టం. బ్రహ్మోత్సవాలప్పుడు నిండుతాయి, ఆషాఢంలో ఎవరు నింపుతారు?

మామునూరు దగ్గరికి వచ్చాం కాబట్టి ఒక సంగతి చెప్పాలి, మీరు అడిగిన సూటి దూరం లెక్కే దీంట్లో కూడా అసలు కథ. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌పోర్ట్ అది. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ మిల్లు లాంటి వాటికి పనికొస్తుందని కట్టించారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వ విమానాలను తెచ్చి ఇక్కడ భద్రంగా ఉంచారు. 1981 తర్వాత మూతపడింది. ఇవాళ్టి పిల్లలకు మామునూరు అంటే పోలీస్ బెటాలియన్ గుర్తొస్తుంది గానీ విమానం గుర్తురాదు.

మళ్లీ తెరుద్దామంటే అడ్డం పడింది శంషాబాద్ ఒప్పందం. 2008లో మొదలైన ఆ ఎయిర్‌పోర్ట్ కట్టిన సంస్థతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. శంషాబాద్ తెరిచిన రోజు నుంచి 25 ఏళ్ల దాకా దాని చుట్టూ 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్ట్‌ను రానివ్వకూడదు. ఆ 150 కిలోమీటర్లు రోడ్డు దూరం కాదు, ఆకాశంలో సూటి దూరం. ఇప్పుడు పైన చేసినట్టే లెక్క కట్టండి. శంషాబాద్ 17.24, 78.43. మామునూరు 17.91, 79.60. అక్షాంశం తేడాకు 40 నాటికల్ మైళ్లు, రేఖాంశం తేడాకు ఇక్కడి అక్షాంశం మీద 67 మైళ్లు. మూలకు కొలిస్తే 78 మైళ్ల చిల్లర, అంటే 145 కిలోమీటర్లు. గీత అవతల పడాలంటే ఐదు కిలోమీటర్లు తక్కువ! హనుమకొండ నుంచి కారులో శంషాబాద్ పోతే మీటర్ మీద 160 దాటుతుంది, కానీ ఒప్పందానికి ఆ మీటర్‌తో పని లేదు. మామునూరు గీసుగొండ వైపో సంగెం వైపో ఇంకొంచెం తూర్పున ఉండి ఉంటే ఈ పేచీ ఉండేదే కాదు. చివరికి ఆ సంస్థ తనకు అభ్యంతరం లేదని చెప్పాకే ఫైలు కదిలింది.

ఇదే కారణంగా ఇంకో ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది: మామునూరు తెరిస్తే హైదరాబాద్‌కు విమానం వేస్తారా? 145 కిలోమీటర్లకు విమానం ఎక్కడం, దిగడం తప్ప మధ్యలో ఏమీ ఉండదు. ఏటీఆర్ అయినా నలభై నిమిషాలు, దానికి ముందు గంటన్నర ఎయిర్‌పోర్ట్‌లో కూర్చోవడం. ఆ టైమ్‌లో కారు భువనగిరి దాటుతుంది. తిరుపతి, విశాఖ, బెంగళూరు, ముంబై లాంటివైతేనే మనకు పనికొస్తాయి.

దారి విషయం కూడా రెండు మాటల్లో. విమానాలు గీత గీసినట్టు పోవు. ఆకాశంలో పేర్లు పెట్టిన పాయింట్లు ఉంటాయి, వాటిని కలుపుతూ దారులు ఉంటాయి, వైమానిక దళం వాడుకునే చోట్లను తప్పించి పోవాలి. మామూలుగా దీనివల్ల నూటికి ఐదు నుంచి పది కిలోమీటర్లు పెరుగుతాయి. రేణిగుంట విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోండి. దానికి తూర్పున ఓ 75 కిలోమీటర్ల దూరంలోనే శ్రీహరికోట ఉంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు నోటమ్ అని పైలట్లకు ముందే నోటీసు ఇస్తారు, ఆ గంటల్లో అటువైపు ఆకాశం మూస్తారు. అలాంటి రోజు కాస్త చుట్టు తిరగాల్సి రావచ్చు. ఇక గాలి. ముంబై, కోల్‌కతా లాంటి తూర్పు పడమర రూట్లలో గాలి వల్ల పోయేటప్పుడు, వచ్చేటప్పుడు టైమ్ తేడా వస్తుంది. మనది ఉత్తర దక్షిణ దారి, గాలి ఎక్కువగా పక్క నుంచి తగులుతుంది, కాబట్టి రానూ పోనూ దాదాపు ఒకే టైమ్.

ఇక మీకు అసలు కావాల్సింది. మామునూరు తెరిచేదాకా అమ్మను ఎలా తీసుకుపోవాలి?

శంషాబాద్ మీదుగా విమానం అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. హనుమకొండ నుంచి జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దాకా వచ్చి అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడు, మూడున్నర గంటలు. కోమళ్ల, గూడూరు టోల్‌గేట్లు ఫాస్టాగ్‌తో తొందరగానే దాటుతారు, కానీ యాదగిరిగుట్టకు రద్దీ ఉండే ఆదివారాలు భువనగిరి చుట్టుపక్కల నెమ్మదిస్తుంది. దేశీయ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, పెద్దవాళ్లతో పోతున్నారు కాబట్టి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. ఆ తర్వాత గంటా ఇరవై విమానం. రేణిగుంటలో లగేజీకి ఇరవై నిమిషాలు, తిరుపతి ఊళ్లోకి పదిహేను కిలోమీటర్లు, ఇంకో అరగంట. మొత్తం కలిపితే ఇంటి గడప దాటిన ఏడున్నర గంటలకు తిరుపతి హోటల్లో ఉంటారు. కొండ మీదికైతే ఇంకో గంట.

రైలైతే వరంగల్‌లోనో కాజీపేటలోనో రాత్రి ఎక్కితే పొద్దున తిరుపతిలో దిగుతారు. పది పదకొండు గంటలు, అందులో ఎక్కువ భాగం నిద్రే. పద్మావతి ఎక్స్‌ప్రెస్ మన మీదుగానే పోతుంది, నడిచే రోజులు చూసుకుని బుక్ చేయండి. కృష్ణా ఎక్స్‌ప్రెస్ కూడా ఉంది గానీ అది ఆగుతూ పోతుంది, పెద్దావిడకు నేను చెప్పను. గడియారం ప్రకారం విమానం మూడు గంటలు ఆదా చేస్తుంది నిజమే. కానీ ఆ ఏడున్నర గంటలూ మెలకువలోనే గడుస్తాయి, కారు దిగడం, లైన్లో నిలబడడం, నడవడం, మళ్లీ ఎక్కడం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి సెకండ్ ఏసీ లోయర్ బెర్తు దొరికితే నేను రైలుకే ఓటు వేస్తాను. లోయర్ బెర్తు దొరక్కపోతే మాత్రం విమానమే నయం, పైబెర్తు ఎక్కించే సాహసం చేయొద్దు. బాత్రూమ్‌కు పోవడం పెద్ద సమస్య అయిన వాళ్లకు కూడా విమానమే మేలు.

నడుమ దారి కూడా ఒకటి ఉంది. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం. దర్శనం అయ్యాక ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, అప్పుడు రాత్రంతా రైలు కంటే ఒక పూటలో ఇల్లు చేరడం బాగుంటుంది. కాకపోతే సాయంత్రం ఆలస్యంగా శంషాబాద్‌లో దిగే ఫ్లైట్ వద్దు. రాత్రి పదకొండుకు దిగి హనుమకొండ దాకా డ్రైవ్ చేసుకుంటూ రావడం మంచిది కాదు. మధ్యాహ్నం ఫ్లైట్ చూసుకోండి.

మామునూరు తెరిచాక ఇదే ప్రయాణం ఎలా ఉంటుందో చూడండి. హనుమకొండ నుంచి ఖమ్మం రోడ్డు మీద అరగంటలో ఎయిర్‌పోర్ట్. చిన్న ఎయిర్‌పోర్ట్ కాబట్టి గంటన్నర ముందు పోతే చాలు. విమానం గంటా ఇరవై. అవతల గంట. అంతా కలిపి నాలుగు, నాలుగున్నర గంటలు. చూశారా, విమానంలో కూర్చునే టైమ్ ఒక్క నిమిషం తగ్గలేదు, పైగా దూరం 60 కిలోమీటర్లు పెరిగింది. అయినా మూడు గంటలు మిగిలాయి. దాదాపు అవన్నీ రోడ్డు మీద మిగిలినవే.

టికెట్ ధర గురించి ఇప్పుడే చెప్పలేం. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం 2016లో ప్రకటించినప్పుడు సుమారు 500 కిలోమీటర్లు, గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అని పరిమితి పెట్టారు, అదీ విమానంలో కొన్ని సీట్లకే. 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి ఉడాన్ రూట్లలో కడప–హైదరాబాద్ కూడా ఉంది. మన 476 కిలోమీటర్లు సరిగ్గా ఆ 500 లోపు పడుతుంది. ఈ రూటుకు ఆ పథకం వర్తిస్తే మాత్రం మనకు లాభమే.

కరీంనగర్, మంచిర్యాల వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. కరీంనగర్ నుంచి మామునూరు శంషాబాద్‌లో సగం దూరం కూడా ఉండదు, తెరిచాక లాభం మీకే ఎక్కువ. రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ కాలం నాటి పాత రన్‌వే ఉంది, దాని మీద ఆశ పెట్టుకుని ప్రయాణాలు వాయిదా వేసుకోకండి. ఆదిలాబాద్ వాళ్లకు ఇప్పటికైతే శంషాబాద్ కంటే నాగపూర్ వంద కిలోమీటర్లు దగ్గర, కానీ తిరుపతికి అక్కడి నుంచి పోవడమంటే ఉత్తరానికి పోయి దక్షిణానికి రావడమే. మీకు హైదరాబాదే గతి.

బుక్ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. యాప్‌లో "తిరు" అని కొట్టగానే మూడు నాలుగు ఊళ్లు వస్తాయి. తిరుపతి కోడ్ టీఐఆర్. టీఆర్‌జెడ్ అంటే తిరుచిరాపల్లి, టీఆర్‌వీ అంటే తిరువనంతపురం. తొందరలో వేలు జారితే డబ్బులు వాపసు తెచ్చుకోవడానికి తిరుమల కొండ ఎక్కినంత పని. వరంగల్ కోడ్ డబ్ల్యూజీసీ. ఆ కోడ్ పాతది, లిస్టులో ఉంది కాబట్టి యాప్ దూరం చూపిస్తుంది. అంతమాత్రాన అక్కడ విమానం ఉన్నట్టు కాదు. టికెట్ అమ్మే చోట సీట్లు కనిపిస్తేనే నమ్మండి.

ఇంకొకటి, విమానం టికెట్ ముందు కొనకండి. ముందు దర్శనం టికెట్ చూసుకోండి. అమ్మగారికి 65 దాటాయి కాబట్టి టీటీడీ వయోవృద్ధుల కోటాలో ఆన్‌లైన్‌లో ప్రయత్నించవచ్చు. ఆ తేదీ దొరికాక ప్రయాణం టికెట్లు తీసుకోండి. విమానం అయితే బుకింగ్ లోనే వీల్‌చెయిర్ అని పెట్టండి, కనీసం 48 గంటల ముందు సంస్థకు తెలియాలి. దానికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. శంషాబాద్‌లో కారు దిగిన చోటి నుంచి విమానం తలుపు దాకా వాళ్లే తీసుకుపోతారు. ఏటీఆర్ అయితే మెట్లు ఎక్కలేరని ముందే చెప్పండి, ర్యాంపు తెప్పిస్తారు.